తెల్లమట్టి పాము

చొంగోని కొండల్లో నాంబేవె అవ్వ మాటకు తిరుగు లేదు. ఈడేరిన ఆడపిల్లల్ని గుహకు తీసుకెళ్ళి, రాతిమీద తెల్లమట్టితో బొమ్మలు వేసి, వాటి అర్థం విప్పి చెప్పే పెద్దదిక్కు ఆమే. పంతొమ్మిదేళ్ళుగా ఆమెకు మట్టి పిసికి ఇచ్చింది మ్వందీద. పిల్లలు పుట్టలేదని అవ్వ ఆమెను ఒక్క గీత కూడా గీయనివ్వలేదు.

"గొడ్డుచెయ్యి తగిలితే రాయి కూడా ఎండిపోద్దే" అనేది నలుగురిలో. ఆడవాళ్ళు నవ్వేవారు. మ్వందీద కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంకో మాట పడాలి.

నోరు అంత కటువైనా అవ్వకు రాయంటే మాత్రం ప్రాణం. గుహలో అడుగు పెట్టగానే గోడకు చెంప ఆనించేది. "ఈ ఎర్రగీతలు మనకంటే ముందు తిరిగిన పొట్టివాళ్ళవి. వాటి జోలికి పోకూడదు. ఇదిగో ఈ ఉబ్బు, పాము నడుము దీనిమీదే పడాలి. రాయి చెప్పినట్టు గీయాలే, మనం చెప్పినట్టు కాదు." మ్వందీద ఒక్క ముక్క వదలకుండా వినేది.

అవ్వ చూపు పోయిందని కనిపెట్టిందీ మ్వందీదే. పెద్దరికం పోతుందని అవ్వ ఎవరికీ చెప్పలేదు. "చెయ్యి పట్టుకుని నడిపించు. ఎవత్తెతోనైనా అన్నావో, నాలుక కోస్తా" అంది.

ఆ ఏడు తంతుకు అయిదు రోజుల ముందు మ్వందీద ఆమెను గుహకు తీసుకెళ్ళలేదు. పైన కప్పులేని బోడిబండ దగ్గర నిలబెట్టి, గుహకు వచ్చామంది.

అవ్వ అరచేత్తో తడిమి ఆగిపోయింది. "రాయి వెచ్చగా ఉందేమే? ఉబ్బేదీ?"

"కళ్ళతోపాటు చేతులు కూడా పోయాయా అవ్వా? పోనీ, ఊళ్ళో చెప్పి ఇంకొకర్ని పిలవనా?"

అవ్వ మట్టిగిన్నెలో వేళ్ళు ముంచింది. రెండు రోజులు వేళ్ళతో గీసింది. బండ పొడుగునా పాము, దాని చుట్టూ చుక్కలు. ఆమె ఇంత అందంగా ఎన్నడూ వేయలేదని మ్వందీదకు తెలుసు.  అయినా మట్టి పిసికి అందిస్తూనే ఉంది.

మూడోరోజున చలికాలపు ముసురు పట్టింది. ఆ కొండల్లో ఆ నెలలో అది పట్టక మానదు.

తంతునాడు ఊరిపెద్ద చెల్లెలు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "చూడండే!" అంది అవ్వ గర్వంగా.

"ఏం చూడాలి? కోడిరెట్టలా ఉంది."

ఆడవాళ్ళు పక్కలు పట్టుకుని నవ్వారు. అవ్వ బండను తడిమింది. తడి వేళ్ళకు తెల్లటి బురద అంటింది.

"నాకు కళ్ళు పోయాయమ్మా. ఇదే నన్నిక్కడికి తెచ్చింది."

"కళ్ళు పోతే ముందే చెప్పొద్దూ?" అంది ఊరిపెద్ద చెల్లెలు.

"ఇక్కడ గీయొద్దనే చెప్పా. గొడ్డుదాని మాట ఎవరు వింటారు?" అంది మ్వందీద.

ఆ పూటే ఆమె చేతికి మట్టి ఇచ్చారు. గుహలో పాము వేసింది. చెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు. 

అవ్వ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. "ఉబ్బుమీదే వేశావా? ఒక్కసారి తడమనివ్వవే..." అని చెయ్యి చాచింది.

మ్వందీద ఆ చేతిలో మట్టి గడ్డకట్టిన గిన్నె పెట్టింది.

"వాగులో కడుక్కురా అవ్వా. దారి నీకు తెలిసిందేగా."