వాడొక్కడే చూసొచ్చిన ఊరు

పుణ్యక్షేత్రానికి ఎవరైనా మొక్కు తీర్చుకోవడానికి వెళతారు, లేదంటే పాపం కడుక్కోవడానికి వెళతారు. టైలరమ్మ ఈ రెండింటికీ వెళ్ళలేదు. గైడును చూడ్డానికి వెళ్ళింది.

ఆమె కొడుకు పోయి ఏడాది కావస్తోంది. బండి మీద పనికి వెళుతూ లారీ కింద పడ్డాడు. అంతకు కొన్నాళ్ళ ముందే కంపెనీ పని మీద ఎటో వెళ్ళి, మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికితే ఈ ఊరు చూసి వచ్చాడట. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. దేవుడంటే ఆమడ దూరం పారిపోయేవాడు కదా, ఇలాంటి చోటికి వెళ్ళొచ్చానంటే మేనత్త జన్మంతా దెప్పుతుందని దాచాడో ఏమో. పోయాక ఫోనులో ఫొటోలు బయటపడ్డాయి. కోట గుమ్మం దగ్గర ఒకటి, మెట్ల మీద ఒకటి, బావి దగ్గర ఒకటి. ఎవరో పక్కనుండి తీసినవి. అదే ఫోనులో 'గైడు' అని ఒక నంబరు.

కొడుకు గురించి టైలరమ్మకు తెలియనిది లేదు. తెలియనిది ఆ ఒక్క రోజే. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఆమెకు తెలిసినవే చెప్పారు, చెప్పినవే మళ్ళీ చెప్పారు. ఆమె వింది. కంట్లో చుక్క నీరు రాలేదు. వారం తిరక్కుండానే మిషను ముందు కూర్చుని జాకెట్లకు చేతులు అతికింది. రాతి గుండె అన్నారు జనం. జనానికేం, నోరుంది, అంటారు. కానీ ఆమెకూ అదే అనుమానం పట్టుకుంది. ఏడుద్దామని తలుపేసుకుని కూర్చున్నా ఏడుపు రాదు. తిన్నది చప్పనో ఉప్పనో తెలియదు. కొడుకు గురించి తను వినని మాట, నిజమైన మాట, ఒక్కటి చెవిన పడితే లోపల ఏదైనా కదులుతుందేమోనని ఆశ. అప్పటికీ కదలకపోతే ఇక బతికినన్నాళ్ళూ ఇంతేనని భయం.

భర్త రానన్నాడు. ఆడపడుచు మాత్రం పిలవకముందే సంచి సర్దుకుంది. ఆవిడ పుణ్యం ఎక్కడ దొరికినా వదలదు.

ఆ నంబరుకు ఫోను చేస్తే, గైడు కోట గుమ్మం దగ్గర ఎదురొచ్చాడు. ఏభై దాటిన మనిషి, మూతి నిండా మీసం, చేతిలో మడిచిన గొడుగు. వెనక వచ్చేది ఇద్దరే అయినా పెద్ద గుంపును నడిపిస్తున్నట్టు ఆ గొడుగు పైకెత్తి పట్టుకుని నడుస్తాడు. అతని కోటుకు కుడి చెయ్యి అంగుళం పొడుగ్గా కుట్టి ఉంది. టైలరమ్మ కళ్ళు వెయ్యేళ్ళ గుమ్మాన్ని వదిలేసి ఆ చేతి కుట్టు మీద ఆగిపోయాయి. ఈ మధ్య ఆమెకు కనబడేవి కుట్లే.

ఆమె ఫొటోలు చూపించి, ఈ అబ్బాయి గుర్తున్నాడా అని అడిగింది. గైడు ఫోను దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. ఫొటో తీసింది తనేనని ఒప్పుకున్నాడు. మొహం మాత్రం గుర్తులేదన్నాడు. రోజుకొకరు వస్తారు, అందర్నీ అదే మెట్టు మీద నిలబెట్టి అదే ఫొటో తీస్తాను, ఎంతమందిని గుర్తుపెట్టుకోను అన్నాడు. న్యాయమే. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆడపడుచు నోరు ఊరుకోలేదు. పిల్లాడు పోయాడనీ, తల్లి వాడి గురించి ఒక మాట వినాలని ఇంత దూరం వచ్చిందనీ గబగబా చెప్పేసింది.

గైడు గొడుగు దించాడు. అంతే, ఆ తర్వాత అతనికి అన్నీ గుర్తొచ్చాయి.

చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా. గుమ్మం దగ్గర అబ్బాయి గడపకు తల ఆనించి నిలబడిపోయాడట. మెట్ల దగ్గర ఒక ముసలమ్మకు చెయ్యందించి పైదాకా తీసుకెళ్ళాడట. ఈ మెట్లు ఎక్కితే పాపాలు పోతాయి, దిగితే మోకాళ్ళు పోతాయి అని గైడు అందరికీ వేసే జోకు ఒకటుంది, దానికి కూడా నవ్వకుండా భక్తిగా ఎక్కాడట. ఒక్కో మాటకీ ఆడపడుచు కళ్ళొత్తుకుంటోంది. మా వాడు బంగారం, మాకే తెలియలేదు అంటోంది. టైలరమ్మ వెనకాలే నడుస్తోంది. మెట్లు అరిగి నున్నగా ఉన్నాయి. గోడల వెంట దీపాలు అమ్మేవాళ్ళు, పూసలు అమ్మేవాళ్ళు పిలుస్తున్నారు. ఏదీ ఆమెకు అంటడం లేదు. కాళ్ళు నడుస్తున్నాయి కాబట్టి నడుస్తోంది.

బావి దగ్గర గైడు ఇంకో అడుగు ముందుకేశాడు. అబ్బాయి ఇక్కడే కళ్ళు మూసుకుని, మా అమ్మ చల్లగా ఉండాలి అని దండం పెట్టుకున్నాడన్నాడు.

కూల్ డ్రింకు తప్ప ఇంకేదీ చల్లగా ఉండాలని వాడు జన్మలో అనలేదు. ఆ మాట వాడిది కాదు. గుమ్మం, మెట్లు కూడా వాడివి కావని ఆమెకు అర్థమైపోయింది. కోపం రావాలి. అదీ రాలేదు. ఇక ఇంతేనన్నమాట అనుకుంది, మిషనులో దారం అయిపోయిందని చూసుకున్నంత మామూలుగా.

ఆడపడుచు నీళ్ళు తాగడానికి అటు తిరిగినప్పుడు టైలరమ్మ మెల్లగా అంది. "బాబూ, వాడు దండం పెట్టే రకం కాదు. నీకు గుర్తులేకపోతే లేదని చెప్పు. నేనేమీ అనుకోను."

గైడు మొహం మాడిపోయింది. అక్కణ్ణుంచి నోరెత్తకుండా ముందు నడిచాడు. మాటలే పెట్టుబడి అయిన మనిషి అలా మూగగా నడుస్తుంటే ఆడపడుచుకు దిగులేసింది, ఏమైంది వదినా అని రెండుసార్లు అడిగింది. ఏమీ కాలేదంది టైలరమ్మ.

చివరికి స్తంభాల మంటపం. ఆ ఊరికి అదే ముఖ్యం, దానికోసమే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. లోపల చీకటిగా, చల్లగా ఉంది. గైడు మూడో వరుస స్తంభం దగ్గర ఠక్కున ఆగాడు. కింద బండను చూశాడు. స్తంభాన్ని చూశాడు. ఫోను ఒకసారి ఇమ్మని అడిగి, ఫొటోలో అబ్బాయి భుజాన ఉన్న పచ్చ పట్టీ సంచిని పెద్దది చేసుకుని చూశాడు. చూసి ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"గుర్తొచ్చిందమ్మా. కానీ చెప్పేది కాదు. పోయినవాళ్ళ గురించి అనకూడని మాట."

"చెప్పు," అంది టైలరమ్మ.

అతను ఆడపడుచు వైపు భయంగా చూసి, గొంతు తగ్గించాడు. "ఇక్కడికి రాగానే నేను కథ మొదలుపెట్టాను. ఇటు తిరిగి చూద్దును కదా, ఈ స్తంభం పక్కన సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. గురక కూడానూ. కాపలా ఆయన వచ్చి నన్ను నానా మాటలూ అన్నాడు. సరే అని భుజం పట్టుకుని కుదిపాను. కళ్ళు తెరవలేదు. నా చెయ్యి తోసేసి, 'ఐదు నిమిషాలమ్మా' అన్నాడు."

అతను మీసం తడుముకున్నాడు.

"నన్నమ్మా, ఇంత మీసమున్నవాణ్ణి. కాపలా ఆయన అందరికీ చెప్పేశాడు. తోటి గైడులు నెల్లాళ్ళు నన్ను అమ్మా అనే పిలిచారు."

ఇంత పవిత్రమైన చోట నిద్రేమిట్రా అని ఆడపడుచు చెంపలేసుకుంది. టైలరమ్మ ఆ మాట వినలేదు. 'ఐదు నిమిషాలమ్మా.' ఎవరి దగ్గరా లేని మాట అది. పరామర్శకు వచ్చిన ఒక్కరైనా ఆ మాట తేలేదు, ఎలా తెస్తారు, తెల్లవారితే వాడి గదిలోకి వెళ్ళి దుప్పటి లాగేది తనొక్కతే కదా.

"తర్వాత?" అంది.

"తర్వాతేముందమ్మా. మళ్ళీ లేపబుద్ధి కాలేదు. పక్కన కూర్చున్నాను. తనే లేచి, ఆకలేస్తోంది పోదాం అన్నాడు. మిగతా ఊరు చూడనేలేదు."

"ఒక్కసారి లేపితే లేవడు వాడు," అంది టైలరమ్మ. "నాలుగుసార్లు లేపాలి."

ఆ మాట పూర్తిగా బయటికి రాకముందే బండ మీద కూలబడింది. పొట్టలోంచి తన్నుకొచ్చింది ఏడుపు. ఏడాదిగా ఎక్కడ దాక్కుందో, మంటపమంతా మోగేలా వచ్చింది. ఆడపడుచు పరుగున వచ్చి పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. కాపలా ముసలాయన గదమాయిస్తూ వస్తుంటే గైడు ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకుని ఆపాడు. ఆమె అరచేత్తో బండను కొడుతూ, ముక్కు చీదుకుంటూ, "అంత దూరం వెళ్ళి నిద్రపోయొచ్చావట్రా, నిద్రమొహం వెధవా," అని కొడుకును తిడుతూ, తిడుతూ, వెక్కివెక్కి ఏడ్చింది.