నీసు వాసన

పొద్దున్న లేచి అనూరాధ పొయ్యి మీద మొదట పెట్టేది టీ నీళ్ళు కాదు, వేపాకు నీళ్ళు. పెద్ద గిన్నెలో వేపాకు, నిమ్మగడ్డి వేసి మరిగించి, వడకట్టి, కాస్త కుంకుడు రసం కలిపి, ఆ నీళ్ళతో ఇల్లంతా తుడవాలి. అంతకంటే ముందు కిటికీ ఊచల మీద రాత్రికి రాత్రి పేరుకున్న నల్ల దుమ్ము తీయాలి. ఎండబెట్టి దంచిన నిమ్మతొక్కల పొడి సింకులో చల్లాలి. గది మూలల్లో వట్టివేళ్ళు తడిపి పెట్టాలి. అప్పుడు టీ, టిఫిను, మొగుడి క్యారేజీ, అత్తగారి వేణ్ణీళ్ళు. ఆ తర్వాత గాజువాకలో మందుల షాపులో నిలబడి బిల్లులు కొట్టే ఉద్యోగం. సాయంత్రం తిరిగొచ్చాక మట్టి మూకుడులో నిప్పులు వేసి, వావిలాకు, సాంబ్రాణి వేసి గదిగదికీ పొగ తిప్పాలి.

"ఎంత బాగుంటాదక్కా మీ ఇల్లు! ఫినాయిల్ కంపే ఉండదు. అంతా నేచురల్," అంటుంది కింద వాటాలో ఉండే కుసుమకుమారి వచ్చినప్పుడల్లా. అనూరాధ నోరు తెరిచేలోగా సోఫాలోంచి మొగుడు దేవీప్రసాద్ జవాబిచ్చేస్తాడు. "మేం కెమికల్స్ వాడమండీ. మొదట్నించీ అంతే."

మేం అట. తుడుపుగుడ్డ ఏ రంగుదో చెప్పమంటే ఆ మనిషి చెప్పలేడు. వేపాకు తెమ్మంటే పక్కింటి కరివేపాకు కోసుకొచ్చిన ఘనుడు. స్టీల్‌ప్లాంటులో ఎంత పెద్ద మిషను నడుపుతాడో గాని, ఇంట్లో చీపురు కనిపిస్తే పాముని చూసినట్టు పక్కకి తప్పుకుంటాడు. మాటల్లో మాత్రం మేం.

ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని అనూరాధని ఎవరూ అడగలేదు. అడిగితే ఒక్క మాట దగ్గర నేర్చుకున్నానని చెప్పేది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళమ్మ గంగాలమ్మ కూతుర్ని చూడ్డానికొచ్చింది. రేవులో చేపలు కొని, బజార్లో గంప పెట్టుకుని అమ్మే మనిషి. ఆ రోజు బజారు మానుకుని, తలంటు పోసుకుని, దాచుకున్న చీర కట్టుకుని, వియ్యపురాలికోసం వంజరం పులుసు క్యారేజీలో పట్టుకొచ్చింది. ఆమె మెట్లు దిగి ఆటో ఎక్కుతుంటే, పైన గుమ్మంలో నిలబడి అత్తగారు సన్యాసమ్మ ముక్కుకి కొంగడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో, ఇల్లంతా నీసు! కోడలా, పసుపునీళ్ళు సల్లి బేగి పొగెయ్యే!" ఆటో ఇంకా కదల్లేదు. గంగాలమ్మకి వినబడింది. తల పైకెత్తకుండా కూర్చుంది. అనూరాధ మొగుడి వైపు చూసింది. సొంతూరు ఆనందపురంలో అందర్నీ కాదని, జాలరి పిల్లని ప్రేమించి చేసుకున్న మొగుడు కదా, ఏదో ఒకటి అంటాడనుకుంది. అన్నాడు. "అమ్మ మాటకేటి గాని, కొంచెం వాసనొత్తందిలే. ఎయ్యి."

ఆ 'కొంచెం' కోసమే వేపాకు. ఆ 'కొంచెం' కోసమే వావిలాకు, వట్టివేళ్ళు. అమ్మ వచ్చి వెళ్ళినప్పుడే కాదు, రాని రోజు కూడా. అమ్మ రాకపోయినా కూతురుంది కదా ఇంట్లో. కాని గంగాలమ్మ శుభ్రం చేసి ముక్కలు కోసి పంపిన చేప ఆదివారం కంచంలో పడితే తల్లీకొడుకుల ముక్కులు మూగబోతాయి. సన్యాసమ్మ తలకాయ ముక్క చప్పరించి చప్పరించి ముళ్ళు మంచం కిందికి తోస్తుంది. వాళ్ళకి చేప కావాలి. ఆ చేప కోసిన చెయ్యి వద్దు.

ఇప్పుడు గంగాలమ్మ కంటికి శుక్లం తీశారు. వారం రోజులు చూసుకునే మనిషి కావాలి. "రానీ, నాను కాదన్నానేటి?" అన్నాడు దేవీప్రసాద్, వరమిచ్చినట్టు. "ఆ మూల గదిలో ఉంచు. పొగ మట్టుకు రెండుపూటలా పడాలి." పొగ, దుమ్ము కంటికి తగలకూడదని, తగిలితే చీము పట్టి చూపుకే మోసం రావచ్చని డాక్టరు చెప్పిన మాట అనూరాధ ఇద్దరికీ చెప్పింది. ఇద్దరూ విన్నట్టే తలూపారు.

గంగాలమ్మ మూల గదిలో నల్లద్దాలు పెట్టుకుని, చోటు ఆక్రమించకూడదన్నట్టు ముడుచుకుని పడుకునేది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకునే ముందు అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేది.

రెండ్రోజులు పొగ లేకుండా గడిచింది. మూడోరోజు సాయంత్రం ప్లాంటులో దేవీప్రసాద్ సెక్షనువాళ్ళు ఇంటికి వస్తామన్నారు. అనూరాధ వంటింట్లో బజ్జీల పిండి కలుపుతుంటే సాంబ్రాణి వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే సన్యాసమ్మ మూకుడు రాజేసి, విసనకర్రతో విసురుతూ మూల గది వైపు నడుస్తోంది.

"అత్తా, ఆగు! అమ్మ కంటికి పొగ తగలకూడదని సెప్పాను కదా!"

"నువ్వెయ్యవు, నన్నెయ్యనీవు. మీ అమ్మ కన్నేటి, గాజుపెంకేటి? ఎండలో, ఇసకలో ఎండిన కన్నది. ఏటీ కాదు."

"ఏవండీ, మీరైనా సెప్పండి."

దేవీప్రసాద్ హాల్లో కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి విప్పిన బూట్లు కుర్చీ కిందే ఉన్నాయి. తడి మేజోళ్ళు వాటి మీద వేలాడుతున్నాయి. తలెత్తకుండానే అన్నాడు. "ఒక్క అరగంటే. వోల్లొచ్చి ముక్కు మూసుకుంటే నా పరువేటవుద్ది? కులం సూడకుండా సేసుకున్నాను. అదేనేటి నా తప్పు?"

అప్పుడు మూల గదిలోంచి గంగాలమ్మ గొంతు వినిపించింది. "ఎయ్యనియ్యే, అనూరాదా. కన్ను మూసుకుంటాన్లే. తువ్వాలు కప్పుకుంటాను. నా ఒంటి వాసనకి అల్లుడు బాబు నామోసీ పడితే బాగుంటాదేటి? ఒదినా, ఎయ్యి, ఎయ్యి."

అనూరాధ గదిలోకి వెళ్ళింది. తల్లి అప్పటికే తువ్వాలు మొహం మీదికి లాక్కుంటోంది. అత్తగారు అన్న మాటలకి, మొగుడన్న మాటలకి ఏనాడూ కదలని మనసు ఆ తువ్వాలు చూసి కదిలింది. వాళ్ళు చెప్పిన అబద్ధాన్ని ఈ పిచ్చిది నిజమని నమ్మేసింది. నమ్మి, కన్ను ఇచ్చెయ్యడానికి కూడా సిద్ధపడింది. అనూరాధ తల్లి చెయ్యి లాక్కుని ముక్కుకి ఆనించుకుంది. వేలు వేలూ వాసన చూసింది. కుంకుడు రసం వాసన. కంటి మందు వాసన. ఇంకేమీ లేదు. ఇన్నాళ్ళలో ఈ ఇంట్లో ఒక్కరైనా ఈ చెయ్యి వాసన చూసి మాట్లాడారా? మాట్లాడ్డమే తప్ప చూసిందెవరు? ఈ ఇంటి ముక్కులకి కులం తెలుసు గాని వాసన తెలీదు. తెలిస్తే ఆ మంచం కింద ముళ్ళ కంపు తెలిసేది. సెక్షను పార్టీల నుంచి తూలుకుంటూ వచ్చి మొగుడు దిండు మీద కక్కిన రాత్రుల కంపు తెలిసేది. హాలు నిండా కమ్మేసిన ఆ మేజోళ్ళ కంపు ఇప్పుడైనా తెలిసేది. అవన్నీ తుడిచింది తనే. తుడుస్తూ, అమ్మ వాసన తుడుస్తున్నాననుకుంది.

"నువ్వా తువ్వాలు తీసెయ్యి. ఇక్కడికి పొగ రాదు," అని తల్లితో చెప్పి, బయటికొచ్చి తలుపు దగ్గరగా మూసింది. సన్యాసమ్మ చేతిలోంచి మూకుడు తీసుకుంది.

"అద్దదీ! ఇప్పుడొచ్చింది బుద్ధి," అంది సన్యాసమ్మ.

అనూరాధ హాల్లో కిటికీలు రెండూ తెరిచింది. నిప్పుల మీద ఇంకో గుప్పెడు వావిలాకు వేసింది. మెట్ల మీద సెక్షనువాళ్ళ మాటలు, నవ్వులు దగ్గరవుతున్నాయి. మూకుడు తీసుకెళ్ళి మొగుడి కుర్చీ కింద, బూట్ల పక్కన పెట్టింది.

పొగ గుప్పుమని లేచింది. దేవీప్రసాద్ దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ లేచి నిలబడ్డాడు. "ఏటే ఇది? పిచ్చిగాని ఎక్కిందేటి నీకు?"

అనూరాధ వెళ్ళి గుమ్మం తలుపు బార్లా తీసింది. వచ్చినవాళ్ళు చెప్పులు విడుస్తుంటే, వాళ్ళకీ వినబడేలా, నెమ్మదిగా అంది.

"ఏటీ నేదండీ. వాసనొచ్చే కాడే కదా పొగెయ్యాల? ఇన్నాళ్ళూ నానే సోటు తప్పేను."