నాలుగో బురుజు

మేకపెంటికలు ఊడ్చి, గోడ సందులో మొలిచిన రావిమొక్కను వేళ్లతో పెరికి, హెబ్రోను బురుజు దిగాడు. మోకాలు కలుక్కుమంది. వాకాడు అవతల, సముద్రం ఒడ్డున పాడుబడిన ఈ కోటకు అతను కాపలాదారు. కనిపించే బురుజులు మూడే. నాలుగోది సముద్రంలో మునిగిపోయిందని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.

"ఏం పెద్దాయనా, నీ బురుజు ఈరోజన్నా నా వలలో పడతాదా?" వల భుజాన వేసుకుని పోతూ పెంచలకృష్ణ అడిగాడు.

"పడితే నీ పడవ మునుగుతాది, పోరా!"

ఆ సంగతి ఈరోజే తేలబోతోంది. పురావస్తు శాఖ నుంచి సర్వేకు వచ్చిన ఉషారాణి నిన్నంతా డ్రోన్ ఎగరేసింది. ఆ ఫొటోలను పాత ఉపగ్రహ చిత్రాలతో కలిపి, నేల ఎత్తుపల్లాలను రంగుల్లో చూపే పటం తయారుచేసింది. ఇప్పుడు లాప్‌టాప్ పట్టుకుని అతని గుడిసెకే వచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

"నాలుగోది దొరికింది తాతా."

హెబ్రోను సముద్రం వైపు చూశాడు.

"అటు కాదు." ఆమె వేలు ఎర్రటి గుండ్రం మీద ఆగింది. "ఇక్కడ. కోట గోడలు రెండూ నీ గుడిసె కిందే కలుస్తున్నాయి."

అతను పటాన్నీ పొయ్యినీ మార్చి మార్చి చూశాడు. ఏ తుఫానుకూ నీళ్లెక్కని మిట్ట అని పెళ్లయిన కొత్తలో భార్య ఎలిశబెతే ఈ చోటు ఎంచింది. పోయేదాకా ఇక్కడే వండింది. మిట్ట ఎలా వచ్చిందో ఇద్దరూ ఆలోచించలేదు.

"ఇన్నేండ్లూ మా ఎలిశబెతు బురుజు మీద కూసోని చేపల పులుసు కాసిందా!" పడీపడీ నవ్వాడు.

ఉషారాణి నవ్వలేకపోయింది. "రిపోర్టులో రాస్తే కంచె వేస్తారు తాతా. నువ్వు ఖాళీ చెయ్యాలి. ఇంకా పంపలేదు. కచ్చితంగా తెలియదని రాసెయ్యనా?"

హెబ్రోను అరికాలితో నేలను తడిమాడు.

"రాయమ్మా. రాయకపోతే మూడే అంటారు గదా."

"ఇప్పుడే పోనక్కర్లేదు."

"తెలిసినాక దాని మీద పొయ్యెట్టా ఎలిగించేది?"

మధ్యాహ్నానికి చిట్టమూరు నుంచి మేనకోడలు కెజియా ట్రాలీ ఆటో తెచ్చింది. తాటాకు కప్పు దించారు, తడికెలు విప్పారు. కెజియా గడ్డపార తీసుకుని ద్వారబంధం దగ్గరికి నడిచింది.

"మంచి టేకు మామా. మా ఇంటికి పనికొస్తాది."

"ఎయ్యబాక మే! కింద కోట ఉంది."

సామానంతా ఎక్కించాక అతను ముందు సీట్లో, చీపురు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆటో ఇసుకబాటన ఊగుతూ వెళ్లిపోయింది.

మిట్ట మీద గోడలు లేని ద్వారబంధం నిలబడి ఉంది. దాని గడప నడుమ, ఎలిశబెతు కూర్చుని బియ్యం ఏరిన చోట, చెక్క నున్నగా మెరుస్తోంది.