పద్దెనిమిది మిల్లీమీటర్లు

పూజిత పొట్ట మీద స్కానింగ్ చేస్తున్న డాక్టర్ విజయలక్ష్మి చెయ్యి ఒకచోట ఆగింది. మళ్లీ కొలిచింది. మూడోసారీ కొలిచింది. మొఘల్‌పురాలోని ఆ చిన్న గదిలో ఏసీ నడుస్తూనే ఉన్నా పూజిత వీపు చెమటతో తడిసిపోయింది.

తల కొలత తక్కువగా ఉందని చెప్పింది డాక్టర్. ఈ నెలల్లో చిన్నమెదడు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లుంటే బిడ్డకు సుమారుగా అన్ని వారాలట. ఇరవై రెండు ఉండాల్సింది, పద్దెనిమిదే ఉంది. చివరి నెలసరి తేదీ సరిగ్గా గుర్తుందా అని అడిగింది.

కోడలు నోరు తెరిచేలోపే అత్త సావిత్రి అందుకుంది. ఐదో నెల దాటేదాకా స్కానింగులు వద్దని పట్టుబట్టిందీ ఆవిడే. "తప్పే లేదు మేడమ్. ఛత్రినాకల బోనం ఎత్తేనాటికే కడుపుల బిడ్డ ఉన్నది. అంతకు ముందు నెలనే ఆఖరు."

ఆ తేదీ నిజమైతే మెదడు ఎదుగుదల మీద అనుమానపడాల్సిందేనని, కడుపులోకి సూది వేసి ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపాలని డాక్టర్ అంది.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. పూజితది మరీ అతికిపోయింది. బోనాలనాడు తెల్లవారుతూనే ఆమెకు నెలసరి వచ్చింది. పసుపు రాసిన కుండ సిద్ధంగా ఉంది, గుమ్మంలో డప్పులు మోగుతున్నాయి, పైగా అది అత్త మొక్కు. ముట్టయిన మనిషి బోనం తాకకూడదు. పూజిత కిమ్మనకుండా నెత్తికెత్తుకుంది. ఆ నెల నెలసరి రాలేదనుకుని అత్త వాడంతా చెప్పుకుంది. తర్వాత రెండు వారాలకు నిజంగానే కడుపు నిలిచింది కాబట్టి ఇన్నాళ్లూ గుట్టు దాగింది.

అమ్మవారి కోపమే బిడ్డకు తగిలిందేమోనని ఒక భయం. చెబితే ఆ ఇంట్లో తలెత్తుకోలేనని ఇంకో భయం. సూది మాట వినేసరికి రెండూ వెనక్కి తగ్గాయి.

"తేదీ తప్పు మేడమ్," అంది పూజిత. "బోనం నాడే ముట్టయిన. గట్లనే ఎత్తిన."

సావిత్రి ముఖం పాలిపోయింది. డాక్టర్ మళ్లీ లెక్క వేసింది. పద్దెనిమిది వారాలు. తల, పొట్ట, తొడ ఎముక అన్నీ దానికి సరిపోయాయి. ఇప్పటికి సూది అక్కర్లేదని, రెండు వారాలకు మళ్లీ కొలుద్దామని చెప్పింది. పూజితకు ఏడుపు ఆగలేదు.

గది బయట పూజిత భర్త ప్రణీత్ ఎదురుచూస్తున్నాడు. సావిత్రి కోడలి వైపు చూడకుండా ఫైలు చేతిలోకి తీసుకుంది.

"బయట ప్రణీత్‌కు తేదీ నేనే తప్పు చెప్పిన అని చెప్త. మొగనికి గిదంతా ఎందుకు, నువ్వు నోరు ఇప్పకు," అంది. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే మళ్లీ అంది. "అమ్మవారికి మాత్రం నువ్వే చెప్పుకోవాలె బిడ్డా. ఆ తల్లి ముంగట అబద్ధమాడుడు నాతోని కాదు."