మూడు గిన్నెల ఛాంగ్

ఈ మంచుకొండల కింద మా ఊళ్ళో ఎవరి చేతైనా కాదనలేని మాట ఇప్పించుకోవాలంటే ఒకటే దారి. బియ్యం పులియబెట్టి ఛాంగ్ చేసి, సీసా మూతికి మూడు చోట్ల వెన్న అద్ది, వాళ్ళింటికి పట్టుకెళ్ళాలి. బతిమాలి మూడు గిన్నెలు తాగించాక అడగాలి. తాగినవాళ్ళు ఇక కాదనకూడదు. పెళ్ళి సంబంధాలూ, పొలం గొడవలూ అలాగే తేలతాయి. నేను దాన్ని నా మొగుడికే అడ్డం పెట్టాను.

ఆ చలికాలం మా ఆయన గ్యాల్జెన్ కొండలెక్కించే గైడు శిక్షణలో చేరాడు. నేర్పేది ఉర్కెన్ అన్న. ఊరి కింద గడ్డకట్టిన జలపాతం మీద ముళ్ళ బూట్లతో ఎక్కడం, హిమనది నెర్రెలో పడ్డ మనిషిని తాడేసి పైకి లాగడం, చేతి తొడుగులు తీయకుండా ముడి వేయడం. ఇంటికొచ్చాక కూడా అదే పని. కొండెక్కడానికొచ్చిన దొర అదేనన్నట్టు ఆలుగడ్డల బస్తాను నేలమీద పడేసి, దూలానికి తాడు కట్టి లాగేవాడు.

"దొరగారు మళ్ళీ నెర్రెలో పడ్డారు, ఎన్నిసార్లు చెప్పినా వినరు. పైకొచ్చాక టీ అడుగుతారు, చక్కెర కాస్త ఎక్కువెయ్యి" అనేవాడు. ఆరు నెలల మా లామూ బస్తాను చూసి కిలకిల నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. కానీ తాడు కిర్రుమన్నప్పుడల్లా పాపను దగ్గరకు లాక్కునేదాన్ని. రెండేళ్ళ కిందట కొండెక్కిన మా తమ్ముడి టోపీ కూడా ఇంటికి రాలేదు.

మానెయ్యమన్నాను. గైడుకీ మామూలు కూలీకీ తేడా ఉందని ఏదో చెప్పబోయాడు. నేను చెవులు మూసుకున్నాను. ఆరో తరగతితో బడి మానినదాన్ని, నాకు తెలిసింది ఒక్కటే: పైకి వెళ్ళినవాళ్ళు రారు. ఆ రోజు చివరిదాకా విని ఉంటే!

పరీక్షకు ముందు రోజు ఛాంగ్ పట్టుకుని ఉర్కెన్ అన్న ఇంటికి వెళ్ళాను. మొగుణ్ణి నెగ్గించమని అడగడానికి వచ్చాననుకుని ఆయన నవ్వాడు. వాడికి ఇవేవీ అక్కర్లేవన్నాడు, బ్యాచ్‌లో అంత గట్టిగా ముడి వేసేవాడు లేడన్నాడు. మూడో గిన్నె ఖాళీ అయ్యాక అడిగాను, గ్యాల్జెన్ పరీక్ష తప్పేలా చూడమని.

గిన్నె ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"తాగకముందు చెప్పాల్సింది చెల్లీ" అన్నాడు.

"చెబితే తాగేవాడివి కాదుగా అన్నా" అన్నాను.

మర్నాడు గ్యాల్జెన్ తప్పాడు. ముడి వదులైందని చెప్పారట. తాడు మేకుకు తగిలించి, పొయ్యి దగ్గర కూర్చుని తన చేతులకేసి చూసుకున్నాడు. నేను అతని వెన్న టీలో రోజూకన్నా ఎక్కువ వెన్న వేశాను. ఆ రాత్రి సంతోషంగా ఉన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది.

వసంతం వచ్చింది. గైడు కాకపోతే ఇంట్లో కూర్చుంటాడనుకున్నాను. కూలీగా కొండకే వెళ్ళాడు. అతను చెప్పబోయిన తేడా ఏమిటో పక్కింటి వదిన ఆలుగడ్డల మడిలో చెప్పింది. గైడు తన వెంట వచ్చిన దొరతో కలిసి కొండ మొదట్లో విరిగి పడే మంచుగడ్డల మధ్య నుంచి ఓ ఐదారుసార్లు వెళ్ళొస్తాడు. గుడారాలూ గ్యాసూ మోసే కూలీ ఇరవైసార్లు దాటాలి, వీపు మీద బరువుతో. ఆ రోజు నుంచీ పొద్దున్నే వాకిట్లో కొండదేవుడికి ధూపాకు పొగ వేస్తూ, ఇది ఎన్నోసారో అని లెక్కపెట్టుకునేదాన్ని.

పదిహేడోసారి, నెర్రె మీద వంతెనగా వేసిన నిచ్చెన ఒకటి విరిగింది. కొత్తది వేసేదాకా కూలీలందరూ మంచు మీద ఐదు గంటలు నిలబడ్డారు. అతని చేతి తొడుగు తడిసి, వేళ్ళు మంచుకు నల్లబడ్డాయి. ఖాట్మండు ఆసుపత్రిలో కుడిచేతి వేళ్ళు రెండు తీసేశారు.

ప్రాణంతో వచ్చాడు. అదే చాలనుకోవాలి. కానీ రోజూ తాడు ఒళ్ళో పెట్టుకుని, మిగిలిన వేళ్ళతో అదే ముడి వేస్తాడు, విప్పుతాడు. నిన్న అన్నాడు: "ఉర్కెన్ అన్న అప్పుడే కనిపెట్టాడు లామూ వాళ్ళమ్మా. పది వేళ్ళున్నప్పుడే రానిది నాకిప్పుడేం వస్తుంది."

పొయ్యిలో కట్టె సర్దుతున్నట్టు ముఖం తిప్పుకున్నాను.

ఈ పొద్దున ఉర్కెన్ అన్న వచ్చాడు. అప్పటికే గ్యాల్జెన్ పాపను వీపున కట్టుకుని నీళ్ళకు వెళ్ళాడు. ఉర్కెన్ అన్న చేతిలో సీసా, మూతికి మూడు చోట్ల వెన్న. పాలిచ్చేదాన్ని, వద్దన్నాను. గుటకెడు చాలన్నాడు. మూడుసార్లు పోశాడు, మూడుసార్లూ తాగాను.

"వాడి ముడి ఎప్పుడూ వదులు కాలేదు. నేను చెబితే నీ కాపురంలో చెయ్యి పెట్టినట్టుంటుంది. నువ్వే చెప్పు చెల్లీ" అన్నాడు.

అంతలో గ్యాల్జెన్ తల వంచి గుమ్మంలోకి వచ్చాడు. సీసా చూశాడు.

"ఏంటన్నా, మా ఆవిణ్ణి ఏం అడగడానికొచ్చావు? మా జడలబర్రె మీద కన్నేశావా?"

"అడగడం అయిపోయింది" అని ఉర్కెన్ అన్న చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

పాపను అతని వీపు మీంచి దింపుకున్నాను. తాడు తెచ్చి ముడి వేయమన్నాను. ఎందుకని అడగకుండా వేశాడు, ఎనిమిది వేళ్ళతో. పాపను చాప మీద కూర్చోబెట్టి, రెండు చేతులా పట్టి నా బలమంతా పెట్టి లాగాను. కదల్లేదు.

"ఇది వదులు కాదు" అన్నాను.

నవ్వాడు. "ముడుల సంగతి నీకేం తెలుసు?"

"ఆ రోజూ వదులు కాలేదు" అన్నాను. "కూర్చో. చెబుతాను."