శాంతిరాణి ఫిరంగులు

రాజోలు కాలవగట్టు మీద జారి బుల్లిరాజుగారు కాలు విరగ్గొట్టుకున్నారు. కొబ్బరితోటకి వెళ్ళకుండా మంచం మీద కూర్చోవడం ఆయన వల్ల కావడం లేదు. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు భవానికేమో మావగారితో ఏం మాట్లాడాలో తెలీదు. ఏమడిగినా "ఆయ్" అనేసి ఊరుకునేది.

ఓ మధ్యాహ్నం ఆమె లాప్‌టాప్‌లో ఆడుకుంటుంటే ఆయన తొంగి చూసేరు. వంతులవారీగా ఎత్తులేస్తూ, చిన్న పల్లెని పెద్ద సామ్రాజ్యం చేసే ఆట. మస్కట్‌లో ఉన్న భర్త శివప్రసాద్ నేర్పేడు.

"ముందు నాయకుణ్ణి ఎంచుకోవాలండీ మావయ్యగారూ. ఒక్కొక్కరిదీ ఒక్కో గుణం."

గుర్రాల రాజుకి సైన్యం సులువుగా తయారవుతుంది. ఓడల రాజుకి రేవులు తొందరగా లేస్తాయి. నదుల రాణికి ఏటిగట్టు ఊళ్ళలో పంట రెట్టింపు. శాంతిరాణి ఎవరితోనైనా స్నేహం కుదుర్చుకుంటే, అది ఉన్నన్నాళ్ళూ ఆమె రాజ్యంలో చదువులు పరుగులెడతాయి.

పెళ్ళిసంబంధం చూసినంత నిదానంగా చూసేరు బుల్లిరాజుగారు. "గుర్రాలాయనకి కోపం జాస్తిలా ఉందమ్మా. ఓడలాయన ఇంటిపట్టునుండడు. నదులావిడ మంచిదే, వరదొస్తేనో?"

చివరికి శాంతిరాణిని తీసుకున్నారు. కాకిని తోలినా 'అండీ' అనే మనిషి, ఇంకెవర్ని తీసుకుంటారనుకుంది భవాని. తను ఓడల రాజుని తీసుకుని, రేవుకి అంతర్వేది అని పేరు పెట్టింది. ఇద్దరూ స్నేహ ఒప్పందం రాసుకున్నారు. ఆ ధైర్యంతో భవాని ఓడలన్నీ దూరసముద్రాలకి పంపేసింది. ఈలోగా శాంతిరాణి చదువులు ఫిరంగుల దాకా వచ్చేయి.

నాలుగోనాడు ఆ ఫిరంగులు అంతర్వేది ముందు బారులు తీరేయి.

"ఇదేంటండీ మావయ్యగారూ, స్నేహమన్నారు!"

"ఆయ్, అన్నానమ్మా. గడువు నిన్నటితో తీరిపోయింది."

"మళ్ళీ రాసుకోవచ్చు కదండీ!"

"నువ్వడగలేదు కదమ్మా," అని ఎంతో మర్యాదగా చెప్పి, ఫిరంగులు పేల్చి రేవు పట్టేసేరు.

"అన్యాయం!" భవాని అరిచేసింది. ఆ ఇంట్లో ఆమె గొంతు లేవడం అదే మొదలు. వంటింట్లోంచి అత్తగారు బుల్లెమ్మ కంగారుగా వచ్చింది. భవాని నాలిక్కరుచుకుంది.

బుల్లిరాజుగారు మాత్రం పగలబడి నవ్వుతున్నారు. "అరుచుకోమ్మా, అరుచుకో! ఆయ్ తప్ప మరో మాట రాదేమోనని బెంగెట్టుకున్నాను!"

"ఈయన పేకాటలోనూ ఇంతే. జాలి చూపించకు," అని బుల్లెమ్మ కోడలి పక్కన చతికిలబడింది.

భవాని ఓడలన్నీ వెనక్కి తిప్పింది. సాయంత్రానికి అంతర్వేదితో పాటు మావగారి ఊరొకటి కూడా లాక్కుంది.

"ఒప్పందం రాసుకుందామా అమ్మా?" అన్నారాయన.

"ఆలోచించి చెప్తానండీ," అని భవాని నవ్వుతూ కాఫీ పెట్టడానికి లేచింది.