ఆ మూడు వారాల మేనేజరు

సుగుణకు స్పందన అంటే కుళ్లు. అందుకు పెద్ద కారణాలేం అక్కర్లేదు గానీ, ఉన్నాయి. ఇద్దరూ ఆస్ట్రేలియాలో, వెర్రిబీ అనే ఊళ్లో ఒకే గదిలో ఉంటారు, ఒకే యూనివర్సిటీలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతారు, ఒకే ఐస్ హాకీ జట్టు ఆఫీసులో జీతం లేని ట్రైనీలు. సీజన్ అయ్యాక ఆ ఆఫీసులో ఇచ్చేది ఒక్కటే ఉద్యోగం. జగిత్యాల నుంచి వచ్చిన స్పందన జనరల్ మేనేజరు ఏతాన్ పక్కన కూర్చుని ఆటగాళ్ల ఒప్పందాలు చూస్తుంది. అరవై ఏళ్ల మనిషిని బెరుకు లేకుండా పేరు పెట్టి పిలుస్తుంది. తెనాలి పిల్ల సుగుణకు "సర్" అనకుండా నోరు పెగలదు. అందుకేనేమో, ఆమెను ఓ మూల కూర్చోబెట్టి జట్టు పాతికేళ్ల పుస్తకం రాయమన్నారు. ఇంతవరకూ పనిచేసిన జనరల్ మేనేజర్లందరి చరిత్ర.

"అదేమో బతికున్న మేనేజరు పక్కన, నేనేమో పాత ఫొటోల పక్కన," అని తల్లితో ఫోన్లో గొణిగింది.

పాత మేనేజర్ల జాబితాలో రెండో ఆయనకూ మూడో ఆయనకూ మధ్య నాలుగు నెలలు ఖాళీ. చిత్రమేమిటంటే, జట్టు మొదటిసారి ఫైనల్‌కు వెళ్లింది ఆ నాలుగు నెలల్లోనే. నడిపేవాళ్లు లేకుండా జట్టు ఫైనల్‌కు ఎలా వెళ్తుంది? కాగితాలు తిరగేస్తే ఉత్తరాలన్నిటి కిందా ఒకటే సంతకం, హెలెనా. అప్పటి ఆఫీసు క్లర్కు.

సుగుణ ఇంగ్లీషు ప్రశ్నలు పదిసార్లు వల్లించుకుని వెళ్లి ఆవిడ తలుపు తట్టింది. నైటీ మీద స్వెట్టరు వేసుకున్న పెద్దావిడ తలుపు తీసి, "తెలుగమ్మాయివా? రామ్మా, చెప్పులక్కడ విడువు," అంది. నర్సాపురం మనిషి.

"మేనేజరు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడమ్మా. ఐస్ మైదానం బుకింగులు, టికెట్లు, ఆటగాళ్ల గొడవలు, అన్నీ నేనే చూశాను. ఫైనల్ అయిన వారానికి కొత్తాయన్ని తెచ్చారు. మరుసటేడు నా జట్టుతోనే కప్పు గెలిచి ఫొటో దిగాడు. ఆ ఫొటో గుర్తొస్తే ఇప్పటికీ నా కడుపు మండుద్ది. దేవుడు నన్ను క్షమించాలి."

కడుపుమంట ఉందని ఒప్పుకున్న మనిషిని సుగుణ మొదటిసారి చూసింది. ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. జట్టు బోర్డు వాళ్లను వారంపాటు వేధించి, జాబితాలో హెలెనా పేరు ఎక్కించింది.

జూలైలో ఏతాన్ గుండె ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరాడు, మళ్లీ పనిలోకి రాలేదు. కొత్త మేనేజరు వచ్చేదాకా మూడు వారాలు జట్టును నడిపింది స్పందన. పెర్త్ విమానం రద్దయితే జట్టు మొత్తాన్నీ ఇంకో విమానం ఎక్కించింది. గోల్‌కీపరు మోకాలు పట్టేస్తే ఇంకొకణ్ణి రప్పించింది. నెలకోసారి కలిసే బోర్డు వాళ్లేమో, ఏతాన్ మంచం మీంచే అంతా చూసుకుంటున్నాడనుకున్నారు.

"పుస్తకంల ఒక్క లైన్ రాయవే," అంది స్పందన, కూర తరుగుతూ. "బోర్డు వాళ్లు చదువుతరు గదా. నా గురించి నేనే చెప్పుకుంటే ఏం బాగుంటది?"

"రాస్తాలేవే," అంది సుగుణ.

రాసింది కూడా. ఆ లైను వంక చాలాసేపు చూసింది. ఇది చదివితే ఉద్యోగం ఎవరికి ఇస్తారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. కొట్టేసింది. పేజీలో చోటు చాల్లేదని తనకు తానే చెప్పుకుంది. ఆ పేజీ సగం ఖాళీగానే అచ్చయింది.

పుస్తకం విడుదల రోజు ఛైర్మన్ లేచి, జట్టు మరిచిపోయిన మనిషిని వెతికి తెచ్చినందుకు ఉద్యోగం సుగుణదేనన్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది స్పందన. అప్పటికింకా ఆమె పుస్తకం తెరవలేదు.

హెలెనా ఆంటీ సుగుణను కావలించుకుని ఏడ్చింది. ఒక చెయ్యి సుగుణ భుజం మీద వేసి, రెండో చేత్తో మేనేజర్ల జాబితా పేజీ తీసి, తన పేరును వేలితో తడిమింది. పక్కనే నిలబడి స్పందన కూడా తొంగిచూస్తోంది. వేలు కిందికి దిగి ఆగింది.

"జూలైలో మూడు వారాలు ఖాళీ ఉందేంటమ్మా? అప్పుడెవరు చూశారు?"

స్పందన ఆ పేజీని చూసింది, తర్వాత సుగుణను చూసింది.

"ఎవ్వరు లేరు ఆంటీ," అంది మెల్లగా. "దానంతటదే నడిచింది."

పెద్దావిడ స్పందన ముఖంలోకి చూసింది. సుగుణ భుజం మీంచి చెయ్యి తీసి స్పందన భుజం మీద వేసింది. "పొద్దుట్నించీ ఏమన్నా తిన్నావా? రా అమ్మా," అంటూ భోజనాల బల్ల వైపు నడిపించుకుపోయింది.

ఉద్యోగం చేతికొచ్చింది. అయినా హెలెనా ఆంటీ చెయ్యి వంక చూస్తూ నిలబడిన సుగుణకు, స్పందన మీద మళ్లీ కుళ్లు పుట్టింది.